లేపాక్షి లతలు, లండన్ అనాసలు

రాతిసీమ రేఖలు: తొమ్మిదవ భాగం

ఏటా జూలైలో వింబుల్డన్ టెన్నిస్ పోటీలు ముగిసే రోజున పురుషుల విజేత రెండు చేతులా ఎత్తి చూపించే కప్పును మన ఊళ్లలోనూ ఎంతోమంది టీవీలో చూస్తారు. 1887 నుంచి ఉన్న కప్పు అది. వెండితో చేసి బంగారు పూత పూశారు. దాని మూత మీద చిన్న అనాసపండు నిలబడి ఉంటుంది. ఇంగ్లండు చలికి ఆ పండు ఆరుబయట కాయదు. టెన్నిస్‌కూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఆ దేశపు కప్పుల మీద, గేటు స్తంభాల మీద, మంచాల కోళ్ల మీద, గోడ కాగితాల మీద అనాస మూడు వందల ఏళ్లుగా కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు అదే బొమ్మ బెంగళూరు, హైదరాబాదు దుకాణాల్లో దిండు గలీబుల మీద, బంగారు రంగు దీపాల మీద కొత్త మోజుగా అమ్ముడవుతోంది.

ఒక పండు అలంకారంగా ఎలా మారుతుంది? దానికి అర్థం ఎవరు కడతారు? ఈ ప్రశ్నలతో ఈ భాగంలో మనం పెనుకొండ దాటి లేపాక్షికి వెళ్తున్నాం. అనాసను చూసిన కళ్లతో అక్కడి గుడిలోని లతామండపాన్ని చూస్తే, రోజూ చూసే మన చీర అంచు కూడా కొత్తగా కనిపిస్తుంది.

ముందు ఆ పండు కథ. దక్షిణ అమెరికాలో అక్కడి ప్రజలు ఎన్నో తరాలుగా సాగు చేసుకున్న అనాస 1493 నవంబరులో గ్వాడెలోప్ దీవిలో కొలంబస్ మనుషుల కంటపడింది. స్పెయిన్ రాజు ఫెర్డినాండ్ దాన్ని తిని మిగతా పండ్లన్నిటికంటే మిన్న అన్నాడని ఆనాటి రచయిత పీటర్ మార్టిర్ రాశాడు. 1535లో ఒవియెడో అనే స్పెయిన్ చరిత్రకారుడు తన గ్రంథంలో దాని బొమ్మ అచ్చు వేయించాడు. ఆ తరువాత సుమారు నూట యాభై ఏళ్లు యూరప్ ప్రభువులకు అది అందీ అందని పండు. ఓడలో తెస్తే దారిలోనే కుళ్లిపోయేది. నాటితే చలికి చచ్చిపోయేది. 1680లలో హాలండులో ఆగ్నేతా బ్లాక్ అనే తోటల యజమానురాలు మొక్కకు పండు కాయించింది. ఆ తరువాత ఇంగ్లండు ధనికులు గాజు గదులు కట్టించి, కింద పొయ్యిలు రాజేసి, తోళ్లు ఊనే గుంటల్లో వాడిన ఓక్ బెరడును కుప్ప పోసి, అది పులిసేటప్పుడు పుట్టే వేడితో మొక్కలను బతికించుకున్నారు. ఒక్క పండు చేతికి రావడానికి రెండు మూడేళ్లు పట్టేది. కూలీ, బొగ్గు, గాజు ఖర్చులు కలిస్తే ఆ పండు తినడానికి కాక చూపించడానికే పనికొచ్చేంత ఖరీదయింది. రెండవ చార్లెస్ రాజుకు తోటమాలి మోకరిల్లి అనాసను సమర్పిస్తున్న చిత్రం 1670ల నాటిది. స్కాట్లండులోని డన్మోర్‌లో 1761 నాటి ఒక తోట మంటపం పైభాగమంతా రాతితో చెక్కిన పెద్ద అనాసే.

అంటే అనాస మొదటి అర్థం ఐశ్వర్యం. మా ఇంట వేసవి లేకపోయినా వేసవి పండు ఉంది అని చాటుకోవడం. ఇక అనాస అంటే అతిథికి స్వాగతం అన్న అర్థం చాలా తరువాత అంటుకున్నది. అమెరికాలో ఓడ కప్తానులు సముద్రయానం నుంచి తిరిగొచ్చి ఇంటి గేటు కమ్మీకి అనాసను గుచ్చి ఇరుగుపొరుగును పిలిచేవారన్న కథను అలంకార వస్తువుల దుకాణాలన్నీ చెబుతాయి. ఆ కాలపు రాతల్లో దానికి ఆధారం లేదని చరిత్రకారులు తేల్చారు. 20వ శతాబ్దం మొదట్లో పాతకాలపు ఇళ్ల మీద మోజు పెరిగినప్పుడు ఆ అర్థం బలపడింది. ముందు బొమ్మ వచ్చింది, కథ వెనక వచ్చి చేరింది. ఈ మాట గుర్తుంచుకోండి, లేపాక్షిలో మళ్లీ పనికొస్తుంది.

ఒవియెడో సెవిల్‌లో అనాస బొమ్మ అచ్చు వేయించిన 1535 ప్రాంతంలో విజయనగర సింహాసనం మీద అచ్యుతదేవరాయలు ఉన్నాడు. ఆయన పాలన 1529 నుంచి 1542 వరకు. గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్ అప్పుడు విజయనగరంలోనే మూడేళ్ల పాటు ఉన్నాడు. ఆ రోజుల్లోనే పెనుకొండ సీమలో అధికారం చేసిన విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ లేపాక్షిలో కూర్మశైలం అనే గుట్ట మీద వీరభద్రాలయం కట్టిస్తున్నారు. నూనిజ్ కంటే పదిహేనేళ్ల ముందు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాజధాని అంగళ్లలో చూసిన పండ్లు ఏకరువు పెట్టాడు: ద్రాక్ష, నారింజ, నిమ్మ, దానిమ్మ, పనస, మామిడి. అనాస ఊసు లేదు. పోర్చుగీసు ఓడల్లో అది భారత తీరానికి వచ్చింది ఆ తరువాతే. ఆ శతాబ్దం చివరికి అబుల్ ఫజల్ దాన్ని అక్బరు కాలపు పండ్ల పట్టికలో చేర్చాడు. ఆగ్రాలోని గుల్ అఫ్షాన్ తోటలో ఏటా వేలాది అనాసలు కాస్తున్నాయని జహంగీరు తన ఆత్మకథలో రాసుకున్నాడు.

కాబట్టి లేపాక్షి రాతి మీద పొలుసు గీతలున్న గుండ్రని మొగ్గ ఏదైనా కనబడితే అది అనాస అని తొందరపడకూడదు. ఇలాంటి తొందర మన శిల్పాల విషయంలో చాలాసార్లు జరిగింది. మైసూరు దగ్గర సోమనాథపురంలో 1268 నాటి హొయ్సళ దేవాలయంలో శిల్పాల చేతుల్లో ఉన్నది మొక్కజొన్న కంకి అని, కొలంబసుకు ముందే అమెరికా పంట మన దేశానికి వచ్చిందనీ ఒక వాదం వచ్చింది. 1993లో పాయక్, సచాన్ అనే ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు అది ముత్యాలు పొదిగిన ముక్తాఫలం అని వాదించి ఆ మాటను తోసిపుచ్చారు. అంతకు వందేళ్ల ముందే పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ భార్హుత్ స్తూపం మీద సీతాఫలాన్ని చూశానన్నాడు. సీతాఫలం కూడా అమెరికా నుంచే వచ్చింది. రాతిలో చెక్కిన పండును చూసి తోటను ఊహించడం అంత నమ్మదగిన పని కాదు. శిల్పి చెట్టును చూసి చెక్కినదానికంటే గురువు చేతిని చూసి చెక్కినదే ఎక్కువ.

ఇప్పుడు లతామండపంలోకి వద్దాం. వీరభద్రాలయానికి వచ్చేవారిలో చాలామంది నాట్యమండపంలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు, ఏడు పడగల నాగలింగం ముందు ఫొటో దిగుతారు, ఆవరణ బయట ఏకశిలా నందికి దండం పెట్టి బస్సెక్కుతారు. లతామండపం దగ్గర ఆగేవారు తక్కువ. అక్కడ కథలు లేవు కాబట్టి కావచ్చు. రాముడు లేడు, అర్జునుడు లేడు. స్తంభాల చదును ముఖాల మీద ఒక్కో చోట ఒక్కో నమూనా మాత్రం ఉంది. తీగ మెలిక తిరిగి వలయమైంది. వలయంలో పువ్వు, పక్క వలయంలో పక్షి. ఇంకో స్తంభం మీద పలకలు పలకలుగా కోసిన వజ్రపు గడులు, గడి గడికీ ఒక రేకుల పువ్వు. మా సీమ నల్లరాయి మెత్తని రాయి కాదు. గ్రానైట్ మీద ఉలి జారితే ఆ ముఖమంతా పాడవుతుంది. అందుకే అక్కడి శిల్పి లోతుకు పోకుండా, పైపైన పల్చగా, గీత గీసినట్టు చెక్కాడు. ఆ పల్చదనమే ఆ నమూనాలను తరువాత బట్ట మీదికి ఎక్కించడానికి వీలుగా మిగిల్చింది. బేలూరు శిల్పంలోని లోతును నేత పట్టుకోలేదు. లేపాక్షి గీతను పట్టుకుంటుంది.

నాట్యమండపం కప్పు మీది చిత్రాల్లో ఇంకో సంపద ఉంది. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, మనునీతి చోళుడు, వటపత్రశాయి అని కథల పేర్లు చెప్పుకుంటూ పోతాం గానీ, ఆ బొమ్మలు కట్టుకున్న బట్టలను చూడండి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు మట్టి రంగులతోనే చిత్రకారుడు ఎన్ని చీరలు నేశాడో! చారలు, గళ్లు, చుక్కలు, చిన్న పూల బుటాలు, కొంగుకు వేరుగా ఒక నమూనా. మగవాళ్ల నెత్తిన పొడుగాటి కుళ్లాయి, ఒంటి మీద తెల్లని అంగీ. శ్రీనాథుడంతటివాడు కన్నడ రాజు కొలువులో ఆ వేషం వేయాల్సి వచ్చిందని చెప్పుకునే చాటువు మనకు తెలుసు. ఆ కుళ్లాయి ఎలా ఉండేదో తెలియాలంటే లేపాక్షిలో తల పైకెత్తాలి. ఈ చిత్రాల్లోని వస్త్రాలను బ్రిజిట్ ఖాన్ మజ్లిస్ అనే జర్మన్ పండితురాలు విడిగా పరిశీలించారు. ఆమె, అన్నా దల్లపిక్కోలా, జార్జ్ మిషెల్, జాన్ ఫ్రిట్జ్ కలిసి లేపాక్షి మీద తెచ్చిన గ్రంథం 2019లో వెలువడింది. అంతటి పని తెలుగులో ఇంకా రావలసి ఉంది.

ఆ నమూనాల్లో ఏమేం ఉన్నాయో ఒక్కసారి ఆలోచించండి. తామర. హంస. నోటి నుంచి తీగలు చిమ్మే మకరం. ఎడతెగకుండా పాకే లత. నోటి నిండా పూలున్న పూర్ణకుంభం. ఇవన్నీ నీళ్ల బొమ్మలు. తామర చెరువులో పుడుతుంది, హంస కొలనులో తిరుగుతుంది, మకరం నదిలో బతుకుతుంది, కుంభంలో నిండుగా నీళ్లుంటాయి, ఆ నీళ్ల మీదే తీగ పెరుగుతుంది. ఈ బొమ్మలను మోస్తున్న రాళ్లున్న అనంతపురం సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది. అది కూడా పడవలసినప్పుడు పడదు. పడమటి కనుమలు నైరుతి వానను అడ్డుకుంటాయి, తూర్పు నుంచి వచ్చే ఈశాన్య వాన ఇక్కడికి చేరేసరికి నీరసిస్తుంది.

ఈ బొమ్మలు అనంతపురం కరువును చూసి పుట్టాయని నేను అనడం లేదు. అజంతాలో ఉన్నాయి, కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపంలో పూర్ణకుంభం ఉంది, తమిళదేశంలో ఉన్నాయి. విరూపణ్ణ దగ్గరికి వచ్చిన పనివాళ్లు వాటిని తమ ఉలితోపాటే మోసుకొచ్చారు. కానీ నీళ్లు లేనిచోట నీటి బొమ్మకు బరువు వేరు. ఈ సీమలో చెరువు తవ్వించడమంటే కొడుకును కన్నంత పుణ్యం. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువును సప్తసంతానాల్లో ఒకటిగా పొగిడింది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని లెక్క కూడా చెప్పింది. మంచి చెరువుకు ఉండవలసిన గుణాలు, ఉండకూడని దోషాలు వరసగా రాయించింది. ఆ సమాజం గుడి స్తంభం మీద తామరను చూసినప్పుడు దాన్ని ఒట్టి అలంకారంగా చూసి ఉంటుందా? లండన్ ప్రభువుకు అనాస ఎలా అందరానిదో, ఎండకారు మధ్యలో నిలబడ్డ మెట్ట రైతుకు నిండు కొలను అంత అందరానిది. తేడా ఒక్కటే. అనాసను గేటు మీద పెట్టుకున్నవాడు తనకున్నది చాటుకున్నాడు. తామరను చెక్కించుకున్న ఊరు తనకు కావలసింది అడిగింది. నా వరకు ఆ రెండో అర్థమే గొప్పది.

ఇక ఆ రెండు అమెరికా పండ్ల సంగతి. అనాస తెలుగు నేల మీద వాన బాగా పడే మన్యం కొండల్లో, సీతంపేట ఏజెన్సీలో స్థిరపడింది. అక్కడి గిరిజన రైతులు దాన్ని తమ పంట చేసుకున్నారు. సీతాఫలం మాత్రం మా రాతిగుట్టలను ఎంచుకుంది. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా, మేకలు కూడా ముట్టని ఆకుతో బోడిగుట్టల మీద పెరిగింది. దాన్ని విదేశీ పండు అంటే పల్లెలో ఎవరూ ఒప్పుకోరు, సీతమ్మ పేరే పెట్టుకున్నాక ఎలా ఒప్పుకుంటారు? ఇంగ్లండు అనాసను బొమ్మగా దాచుకుంది. మనం సీతాఫలాన్ని ఆకలికి తిన్నాం.

లేపాక్షి గీత రాతి నుంచి బట్టకు ఎప్పుడు చేరింది? లేపాక్షి కప్పు చిత్రాల్లోని బట్టలు తమ పూర్వీకులు నేసినవేనని ధర్మవరం నేతన్నలు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాటకు రాతపూర్వకమైన గొలుసు లేదు, కానీ ఆ గర్వానికి చరిత్రలో స్థానముంది. గట్టిగా చెప్పగలిగింది ఇది: ధర్మవరం పట్టుచీర అంచుల్లో, కొంగుల్లో లేపాక్షి నమూనాలు ఇవాళ ఒక ప్రత్యేకమైన పద్దు. ధర్మవరం చేనేత పట్టుచీరలు, పావడాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. స్తంభం మీది తీగ చీర మీదికి రావడానికి చాలా చేతులు మారాలి. డిజైన్ గీసేవాడు గళ్ల కాగితం మీద ఆ వంపును చిన్న చిన్న గడులుగా విడగొడతాడు. రాతి మీద గుండ్రంగా తిరిగిన తీగ ఇక్కడ మెట్లు మెట్లుగా మారుతుంది. ఒక్కో గడి ఒక్కో పడుగు పోగు, ఒక్కో పేక పోగు. ఆ కాగితాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టల వరస మగ్గం పైన జాకార్డు యంత్రంలో తిరుగుతుంది. నేతన్న తొక్కుడు చెక్క తొక్కిన ప్రతిసారీ ఒక అట్ట దిగుతుంది, చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, జరీ నాడె ఆ సందులోంచి దూసుకుపోతుంది. ఒక హంస పూర్తి కావడానికి ఎన్ని అట్టలు కావాలో లెక్కపెట్టేవాడికి హంస మెడ వంపు విలువ తెలుస్తుంది.

ఇందులో ఒక బొమ్మ గురించి కొంచెం ఆగి చెప్పాలి. రెండు తలల పక్షి, గండభేరుండం. అచ్యుతరాయలు తన బంగారు వరహాల మీద దాన్ని ముద్రించాడు. ముక్కుల్లో, గోళ్లలో ఏనుగులను పట్టుకుని ఎగురుతున్న పక్షి అది. రాజు బలానికి అంతకంటే పెద్ద చాటింపు ఉండదు. తరువాత మైసూరు రాజులు దాన్ని తమ ముద్రగా చేసుకున్నారు, నేడు కర్ణాటక రాష్ట్ర చిహ్నంలోనూ అదే ఉంది. అదే పక్షి పట్టుచీర అంచులోకి వచ్చేసరికి ఏనుగులు జారిపోయాయి, గోళ్లు మెత్తబడ్డాయి, పెళ్లికూతురి చీర మీద జంట తలల ముచ్చట మిగిలింది. నేతన్న ఆ రాజును ఓడించాడని నాకు అనిపిస్తుంది.

ధర్మవరానికి దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారులు మేకతోలును శుభ్రం చేసి, పల్చగా ఎండబెట్టి, రాముడి కిరీటానికీ సీత చీరకూ ఉలితో సన్నని చిల్లులు కొట్టి, రంగులద్దేవారు. తెర వెనక దీపం వెలిగిస్తే ఆ చిల్లుల్లోంచి నగలు మెరిసేవి. సినిమా, టీవీ వచ్చాక రాత్రంతా ఆట చూసే ఊళ్లు తగ్గాయి. కళాకారులు అదే తోలును, అవే పువ్వులను, నెమళ్లను దీపం బుడ్డీల తొడుగులుగా, గోడకు తగిలించే బొమ్మలుగా మలిచారు. లేపాక్షి చిత్రాల్లో పక్కకు తిరిగిన ముఖాలకూ, పొడుగాటి కళ్లకూ, ఈ తోలుబొమ్మలకూ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నగరంలో కొత్త ఇంటికి బంగారు రంగు అనాస దీపం కొనేవారికి, అంతకంటే బాగా వెలుగు చిమ్మే దీపం ఆ పల్లెలో తయారవుతోందని తెలియాలి.

అర్థాల సంగతికి తిరిగి వస్తాను. చీరల దుకాణాల్లో ఇప్పుడు ప్రతి బొమ్మకూ ఒక అర్థం చెప్పి అమ్ముతున్నారు. హంస అంటే వివేకం, చిలక అంటే ప్రేమ, తీగ అంటే వంశాభివృద్ధి. కొన్ని నిజంగానే పాతవి. నీరు, పాలు వేరుచేసే హంస కవుల దగ్గర ఎప్పటినుంచో ఉంది. పూర్ణకుంభం స్వాగతానికీ సమృద్ధికీ గుర్తు అన్నది రెండు వేల ఏళ్ల నాటి మాట, ఇవాళ్టి ఆంధ్రప్రదేశ్ రాజముద్ర మధ్యలో ఉన్నది కూడా ఆ కుంభమే. గేటు మీది అనాస నేర్పాలనుకున్న మర్యాదను గడపలో నిలిపిన నిండు చెంబు మన ఇళ్లలో అంతకు ఎన్నో శతాబ్దాల ముందే చేసింది. మిగతా అర్థాల్లో కొన్ని అమ్మకం కోసం నిన్న మొన్న పుట్టినవి. వాటిని చూసి నేను కోప్పడను. ఓడ కప్తాను కథలాంటివే అవి. కానీ చరిత్ర రాసేవాళ్లం ఏది పాతదో ఏది కొత్తదో చెప్పి తీరాలి. లేకపోతే రేపు లతామండపం స్తంభం మీద ఎవరో అనాసను కూడా చూపిస్తారు.

అంతకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. లేపాక్షి గీత ఇప్పుడు అందరి సొత్తు అయింది గానీ దాని మీద బతకవలసిన చేతులు ఖాళీ అవుతున్నాయి. స్తంభం ఫొటో తీసి, కంప్యూటర్లో డిజైన్ చేసి, మరమగ్గం మీద రోజుకు కొన్ని చీరలు దింపితే అది కూడా లేపాక్షి అంచు పేరుతోనే అమ్ముడవుతుంది. చేనేత కోసం కొన్ని రకాలను ప్రత్యేకించే చట్టం 1985లోనే వచ్చింది. మొదట 22 రకాలున్న జాబితా తరువాత 11కు తగ్గింది. చీర ఆ జాబితాలో ఇంకా ఉంది. కానీ కొనే మనిషి అడగకపోతే చట్టం అంగడిలోకి రాదు. ముడిపట్టు ధర పెరిగితే నేతన్న కూలి తగ్గుతుంది, ధర్మవరంలో అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఆ అంచును అంత ఇష్టంగా కట్టుకునే జాతి దాన్ని నేసిన ఇంటిని ఇలా వదిలేయడం తప్పు.

2022లో లేపాక్షి వీరభద్రాలయం, నంది యునెస్కో వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో లేపాక్షి, ధర్మవరం, నిమ్మలకుంట మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. తుది జాబితాలో పేరు వచ్చినా రాకపోయినా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. లతామండపం స్తంభాల ప్రతి ముఖాన్నీ కొలతలతో గీయించి, తెలుగు పేర్లతో, తక్కువ ధరకు ఒక పుస్తకంగా తేవాలి. ఆ పుస్తకం ముందుగా ధర్మవరం డిజైన్ గీసేవారి చేతికి అందాలి. లేపాక్షిలో బస్సు దిగిన యాత్రికుడికి వేలాడే స్తంభంతోపాటు లతామండపం కూడా చూపించాలి.

మీరు చేయగలిగింది ఇంకా సులువు. ఈసారి ఇంట్లో పెళ్లికి చీర కొనేటప్పుడు పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయో లేదో అడగండి. అంచును తిరగేసి వెనక వైపు చూడండి. ఈ చీర ఏ ఊళ్లో నేశారని అడగండి. దుకాణంవాడికి జవాబు తెలియకపోతే తెలుసుకుని చెప్పమనండి. కొనేవాళ్లు పదిమంది అడిగితే పదకొండోవారికి ఆ జవాబు బిల్లు మీదే రాసి ఇస్తారు.

(వచ్చే భాగంలో: పెనుకొండ నుంచి చంద్రగిరికి, తల్లికోట యుద్ధం తరువాత అరవీటి రాజుల దారి)